పంటు దాటితే దీవి



మా మేనల్లుడు ఓడ మీద ఇంజనీరండి. ఆర్నెల్లు నీళ్ళ మీద ఉంటాడు, ఆర్నెల్లు రాజోలులో ఉంటాడు. మొన్నామధ్య వాళ్ళ ఓడ గ్రీసు దేశంలో పిరేయస్ రేవులో మరమ్మతుకని ఆగింది. నాలుగు రోజులు సెలవు దొరికితే అక్కడి దీవులు చూడబోయాడు. ఇక చూసుకోండి, నా ఫోను నిండా ఫొటోలే. నీలంరంగు సముద్రం, తెల్లటి రాళ్ళు, తలలు పోయిన విగ్రహాలు, వరసగా కూర్చున్న పాలరాతి సింహాలు. కింద ఒక ముక్క రాశాడు: "మావయ్యా, ఇది డీలోస్ దీవి. ఈ సింహాలు రెండువేల ఆరువందల ఏళ్ళ నాటివట. మన దగ్గర ఏముంది చెప్పండి, కొబ్బరిచెట్లు తప్ప!"

నాకు చురుక్కుమంది. "ఒరేయ్ అబ్బాయ్, నువ్వు పుట్టింది దీవిలోనేరా" అని రాశాను. వాడు నవ్వుతున్న బొమ్మ ఒకటి పంపించి, "మనది దీవేంటి మావయ్యా, బస్సెక్కితే రాజమండ్రి వెళ్ళిపోతాం కదా" అన్నాడు.

ఆ మాట దగ్గరే నేను ఆగిపోయానండి. నిజమే. వంతెనలు పడ్డాక మనం దీవిలో ఉన్నామన్న సంగతి మనకే గుర్తులేకుండా పోయింది. అందుకే ఈవేళ మీతో రెండు దీవుల గురించి మాట్లాడదామని వచ్చాను. ఒకటి మావాడు చూసొచ్చిన డీలోస్. రెండోది వాడు చూడకుండా వదిలేసిన సొంత దీవి.

ముందు డీలోస్ సంగతి చెబుతాను. ఎంతో పెద్దదేం కాదు. ఆ కొస నుంచి ఈ కొసకు అయిదు కిలోమీటర్లు, వెడల్పు కిలోమీటరు పైచిలుకు. అంతా రాయి. గ్రీకుల పురాణంలో ఇదొక తేలే దీవి. సముద్రం మీద ఎటు పడితే అటు కొట్టుకుపోతూ ఉండేదట. నిండు గర్భిణి లీటో దేవి కాన్పుకు ఏ నేలా చోటివ్వకపోతే, ఈ తిరుగుబోతు దీవి రమ్మందట. అక్కడే సూర్యుడితో సమానంగా కొలిచే అపోలో దేవుడు పుట్టాడట. ఆ తర్వాతే దీవి కదలకుండా నిలిచిందని కథ.

దేవుడు పుట్టిన చోటు కదా అని, క్రీస్తుకు పూర్వం 426 ప్రాంతంలో ఏథెన్సు వాళ్ళొక విచిత్రమైన కట్టడి పెట్టారు. దీవిలో ఉన్న సమాధులన్నీ తవ్వి పక్క దీవికి తరలించేశారు. ఆనాటి నుంచి డీలోస్‌లో ఎవరూ పుట్టకూడదు, ఎవరూ చావకూడదు. నెలలు నిండిన ఆడవాళ్ళనీ, మంచం పట్టిన ముసలివాళ్ళనీ పడవెక్కించి పక్కనున్న రినియా దీవికి చేర్చేవాళ్ళు. తర్వాత రోమన్ల కాలంలో, క్రీస్తుకు పూర్వం 166లో, దాన్ని సుంకం లేని రేవు చేశారు. ధనం వచ్చి పడింది. బానిసల సంత కూడా అక్కడే సాగింది. క్రీస్తుకు పూర్వం 88లో ఒక శత్రుసేన, 69లో సముద్రపు దొంగలు వచ్చి కొల్లగొట్టారు. జనం ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. 1870ల నుంచి ఫ్రాన్సు దేశపు పండితులు తవ్వుతూ ఉంటే వీధులూ ఇళ్ళూ నాటకశాలా బయటపడ్డాయి. 1990లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. పక్క దీవి మీకోనోస్ నుంచి పొద్దున పడవలో వెళ్ళాలి, చూసుకుని పడవలో తిరిగి వచ్చెయ్యాలి. రాత్రి ఉండనివ్వరు.

అంటే ఏమిటన్నమాట? రాయి మిగిలింది, మనిషి మిగల్లేదు. ఆ సింహాల ముందు దీపం పెట్టేవాడు లేడు.

ఇక మన దీవికి వద్దాం. ధవళేశ్వరం దగ్గర గోదావరి రెండుగా చీలుతుంది. తూర్పుపాయ గౌతమి, పడమటిపాయ వశిష్ఠ. వశిష్ఠలోంచి కిందికి వచ్చాక ఇంకో పాయ విడుతుంది, అది వైనతేయ. గౌతమికీ వశిష్ఠకీ మధ్య, దిగువన సముద్రం దాకా ఉన్న ముక్కోణపు నేలే కోనసీమ. 2022 నుంచి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లా అంటున్నాం. అందులోనూ వైనతేయకీ వశిష్ఠకీ నడుమ ఉన్న రాజోలు సీమ మరీ దీవి. తెల్లదొరల కాగితాల్లో దాని పేరే నగరం దీవి.

ఈ దీవిలో వెతికినా కొండ కనిపించదు. గుడికి రాయి కావాలంటే పైనుంచి పడవలో తేవాల్సిందే. ఎక్కడో నాసిక్ దగ్గర త్రయంబకంలో బయల్దేరిన నది దారిపొడుగునా కోసుకొచ్చిన ఒండ్రు ఇక్కడ పరిచి, దాన్నే మనకు ఊరు చేసి ఇచ్చింది. ఇచ్చింది ఊరుకుంటుందా? మళ్ళీ తీసుకుంటుంది. ఈ ఒడ్డున కోస్తుంది, ఆ ఒడ్డున మేట వేస్తుంది. లంక భూములున్న రైతుని అడగండి. తాత దున్నిన చేను ఏట్లో ఉంటుంది, తాత చేపలు పట్టిన చోట మనవడు అరటి వేసుకుంటాడు. గ్రీకుల తేలే దీవి కథలో ఉంది. కదిలే దీవుల మీద మనవాళ్ళు శిస్తు కట్టి కాపురాలు చేస్తున్నారు. బొబ్బర్లంక, ఎదుర్లంక, బెండమూర్లంక, వక్కలంక. ఊళ్ళ పేర్లే చెబుతున్నాయి కదండీ, లంక అంటే దీవి అని.

గ్రీకు వాళ్ళకు మన తీరం కొత్తేం కాదు. రెండో శతాబ్దంలో అలెగ్జాండ్రియాలో కూర్చుని గ్రీకు భాషలో భూగోళం రాసిన టాలెమీ ఈ తీరాన్ని మైసోలియా అన్నాడు. ఇక్కడే ఒక చోట, సువర్ణభూమికి వెళ్ళే ఓడలు గట్టు వదిలి నడిసముద్రంలోకి తిరిగే జాగా ఉందని గుర్తు పెట్టాడు. అంతకు ముందే ఇంకో గ్రీకు నావికుడు ఈ సీమలో నూలుబట్టలు విస్తారంగా నేస్తారని రాసుకున్నాడు. మావాడు ఈవేళ వాళ్ళ దీవి చూడ్డానికి పోయాడు. వాళ్ళ నావికులు పంతొమ్మిది వందల ఏళ్ళ కిందటే మన బట్ట కోసం ఇటు చూశారు.

బట్ట అంటే గుర్తొచ్చింది, మన బట్టకు పేరిచ్చిన రేవు ఒకటుంది. మీరు ఈ దీవికి రాదలుచుకుంటే, బాబ్బాబూ, మొదటిసారి వంతెన మీద రాకండి. రావులపాలెం వంతెన ఉంది, చించినాడ వంతెన ఉంది, యానాం దగ్గర బాలయోగి గారి పేరున ఎదుర్లంక వారధి ఉంది. అవి పనుల మీద వచ్చేవాళ్ళకు. చూడ్డానికి వచ్చేవాళ్ళు నర్సాపురంలో రైలు దిగి, మాధవాయిపాలెం రేవుకు రండి. అక్కడ పంటు ఉంటుంది.

పంటు తెలియని వాళ్ళకు చెబుతాను. రెండు పడవల మీద బల్లలు పరిచి, కటకటాలు పెట్టి, ఇంజను బిగించిన తేలే బల్లకట్టు. దాని మీదికి కారు ఎక్కుతుంది, పాలక్యాన్ల మోటారుసైకిలు ఎక్కుతుంది, పెళ్ళివారి వ్యాను ఎక్కుతుంది, చేపల గంపతో ఒక అవ్వ ఎక్కుతుంది. అందరికీ ఒకటే గాలి. అవతలి గట్టు సఖినేటిపల్లి. ఇక్కడొక వంతెన కావాలని రెండు గట్ల వాళ్ళూ ఎన్నో ఏళ్ళుగా అడుగుతున్నారు. అడగాల్సిందే. రాత్రిపూట నొప్పులొచ్చిన ఆడమనిషిని ఆస్పత్రికి తీసుకెళ్ళాలంటే పంటు అందం ఎవరికి కావాలి? కానీ ఉన్నన్నాళ్ళూ, ఒక్కసారి ఎక్కి చూడండి. దీవి అంటే ఏమిటో నది మధ్యలో తెలుస్తుంది. వెనక గట్టు చిన్నదవుతూ ఉంటుంది, ముందు గట్టు ఇంకా రాదు.

మీరు నుంచున్న ఆ రేవు కూడా సామాన్యమైంది కాదు. పదిహేడో శతాబ్దంలో ఇంగ్లీషు వర్తకులు మాధవాయిపాలెంలో కోఠీ పెట్టుకున్నారు. ఇక్కడ కొన్న సన్నని నూలుబట్టకు ఊరి పేరే పెట్టారు. మాధవాయిపాలెం వాళ్ళ నోట్లో పడి మడపొల్లం అయింది. ఈనాటికీ ఇంగ్లీషు నిఘంటువుల్లో మడపొల్లం అంటే ఒక రకం నూలుబట్ట. నర్సాపురంలో ఆ రోజుల్లో సముద్రం దాటే ఓడలు కట్టేవాళ్ళు, తెల్లవాళ్ళ ఓడలు బాగుచేసేవాళ్ళు. ఇప్పుడు వెళ్ళి చూద్దామంటే అక్కడ కోటా లేదు, పాలరాతి స్తంభమూ లేదు. మట్టి మింగేసింది. మరి ఏం మిగిలింది? చేతులు మిగిలాయి. పంతొమ్మిదో శతాబ్దంలో విదేశీ మిషనరీలు నేర్పిన లేసు అల్లికను ఆడవాళ్ళు పట్టుకున్నారు. వశిష్ఠకు అటూ ఇటూ, రాజోలు వైపు పల్లెల్లో కూడా, మధ్యాహ్నంపూట అరుగు మీద కూర్చుని కొక్కెం సూదితో దారం తిప్పుతూ కబుర్లు చెప్పుకుంటారు. 2024లో నర్సాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది.

సఖినేటిపల్లిలో దిగాక ఆటో ఎక్కితే అరగంటకు అటూ ఇటూగా అంతర్వేది. దీవికి చిట్టచివర. ఇక్కడ వశిష్ఠ సముద్రంలో కలుస్తుంది. స్థలపురాణం మీకు తెలిసిందే అయినా ఒక్క ముక్క చెబుతాను. హిరణ్యాక్షుడి కొడుకు రక్తవిలోచనుడికి ఒక వరం ఉందట. వాడి రక్తం ఎన్ని ఇసుకరేణువుల మీద పడితే అంతమంది రాక్షసులు పుడతారు. ఇసుకదిబ్బల ఊళ్ళో ఆ వరం ఎంత ప్రమాదమో ఆలోచించండి! వశిష్ఠ మహర్షి మొరపెట్టుకుంటే నరసింహస్వామి వచ్చాడు. రక్తం ఇసుక మీద పడకుండా అశ్వారూఢాంబిక అనే శక్తి కాచుకుంది. రాక్షసుడు పోయాడు. వాడి రక్తం పారిన పాయ పేరు రక్తకుల్య. ఆ అమ్మవారిని ఊళ్ళో వాళ్ళు గుర్రాలక్క అంటారు, స్వామికి చెల్లెలి వరస. రాతి దేశంలో పుట్టే కథ కాదిది. కాళ్ళ కింద ఇసుక ఉన్నవాళ్ళే ఇలా చెప్పుకోగలరు.

ఇప్పుడు మనం చూసే గుడి మహా అయితే రెండువందల ఏళ్ళది. ఓడల వ్యాపారం చేసిన కొపనాతి కృష్ణమ్మ గారు 1823లో పూర్తి చేయించారు. అంతకు ముందున్న గుడులు గాలికీ వరదకీ పోయినవే. మావాడి లెక్కలో ఇది చాలా చిన్న వయసు. డీలోస్ సింహాల ముందు నిన్నటి పిల్ల. కానీ మాఘమాసంలో ఒక్కసారి వచ్చి చూడండి. దశమి రాత్రి కల్యాణం. మర్నాడు భీష్మ ఏకాదశి, రథోత్సవం. లక్షల జనం. అనువంశిక ధర్మకర్తలు మొగల్తూరు రాజవంశం వాళ్ళు, అంటే ఏటికి అవతలి గట్టు వాళ్ళు. గుడి కట్టించింది అగ్నికులక్షత్రియులు, సముద్రం మీద బతికే వాళ్ళు. రథం గుర్రాలక్క గుడి దాకా వెళుతుంది. అన్నగారు చెల్లెలికి చీర పెట్టి వస్తాడు. మన ఇళ్ళల్లో జరిగేదే దేవుడింట్లో కూడా.

ఆ రథం గురించి ఒక మాట చెప్పాలి. 2020 సెప్టెంబరులో ఒక రాత్రి షెడ్డులో ఉన్న రథం కాలిపోయింది. అరవై ఏళ్ళ పైబడి జనం లాగిన టేకు రథం, నలభై అడుగుల ఎత్తు, తెల్లారేసరికి బొగ్గులు. ఆ పొద్దున ఊళ్ళో ఎవరూ పొయ్యి వెలిగించలేదని చుట్టుపక్కల చెప్పుకున్నారు. అంతటితో అయిపోయిందా? టేకు దుంగలు వచ్చాయి, వడ్రంగులు వచ్చారు. ఆరు నెలలు తిరక్కుండా 2021 ఫిబ్రవరికి, రథసప్తమి నాటికి, కొత్త రథం నిలబడింది. ఆ భీష్మ ఏకాదశికి జనం మోకు పట్టుకున్నారు. నేను మా మేనల్లుడికి అదే రాశాను. "అబ్బాయ్, మీ డీలోస్‌లో సింహం ముక్కు విరిగితే విరిగినట్టే అద్దంలో పెట్టి చూపిస్తారు. మన దగ్గర విరిగింది మళ్ళీ చేస్తారు. రాతి దీవి దాచుకుంటుంది, మట్టి దీవి చేసుకుంటుంది. రెండూ చరిత్రేరా."

గుడి చూశాక సాగరసంగమం దగ్గరికి నడవండి. అక్కడో చోటును అన్నాచెల్లెళ్ళ గట్టు అంటారు. నది నీళ్ళ రంగు వేరు, సముద్రం రంగు వేరు, నడుమ ఒక గీత. పక్కనే లైట్‌హౌసు. పల్లిపాలెం వైపు చూస్తే ఇళ్ళ దాకా వచ్చిన సముద్రం కనిపిస్తుంది. ఏటేటా కొంత నేల పోతోంది. ఫొటో తీసుకోండి, తప్పులేదు. కానీ ఆ గోడ కూలిన ఇల్లు ఒకరిదని గుర్తు పెట్టుకుని తీసుకోండి.

అంతర్వేది నుంచి రాజోలు మీదుగా పైకి వస్తే మామిడికుదురు మండలంలో ఆదుర్రు. వైనతేయ ఒడ్డున ఇటుకల బౌద్ధస్తూపం. పైనుంచి చూస్తే ఆకుల చక్రంలా ఉండే పునాది. అశోకుడి కూతురు సంఘమిత్ర సింహళం వెళుతూ ఇక్కడ శంకుస్థాపన చేసిందని ఊరివాళ్ళు చెబుతారు. ఆ మాటకు శాసనం అడక్కండి, కానీ ఓడలు ఆగే తీరంలో బౌద్ధులు ఎందుకు కట్టుకున్నారో టాలెమీ మాట విన్నాక మీకే తెలుస్తుంది. స్తూపం అన్నమాట ఊరికి తెలియని రోజుల్లో దాన్ని దుబరాజు గుడి అనుకున్నారు. ఏదో గుడి అనుకున్నారు కాబట్టే ఇటుకలు మిగిలాయి. ఆ పక్కనే పాశర్లపూడి. 1995 జనవరిలో అక్కడ గ్యాసు బావి అంటుకుని రెండు నెలల పైన మండింది. రాత్రిళ్ళు కూడా ఆకాశం ఎర్రగా ఉండేది. ఒక ఊళ్ళో రెండువేల ఏళ్ళ నాటి ఇటుక, పక్క ఊళ్ళో భూమి కింద నిప్పు. మధ్యలో మన కొబ్బరితోట.

ఇక ఈ దీవిలో నాకు అన్నిటికంటే ఇష్టమైన చోటికి తీసుకెళతాను. పి. గన్నవరం, అక్విడెక్టు.

ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలై 1852కి అయింది. కాటన్ దొరగారి పుణ్యాన కాలువలు పారాయి. అయితే ఒక చిక్కు. రాజోలు సీమకు నీళ్ళివ్వాలంటే కాలువ వైనతేయను దాటాలి. నదిని కాలువ దాటడమెలా? నది మీద వంతెన కట్టి, వంతెన మీద కాలువ పారించారు. హేగ్ అనే ఇంజనీరు 1850ల్లో కట్టించాడు. నలభైతొమ్మిది కమానులు. కింద నది పోతోంది, పైన కాలువ పోతోంది, కాలువలో పడవ పోతోంది. చిన్నప్పుడు మొదటిసారి చూసి నేను నోరు తెరిచి నుంచుంటే మా నాన్నగారు, "ఈగలు దూరతాయిరా" అన్నారు. పాతది అలిసిపోయాక 2000 ప్రాంతంలో పక్కనే కొత్తది కట్టారు. దానికి డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు.

దొర పేరు కాకుండా, రాజు పేరు కాకుండా, ఒక గృహిణి పేరు ఎందుకు పెట్టారు? సీతమ్మ గారు 1841లో పుట్టారు, 1909లో పోయారు. లంకల గన్నవరంలో డొక్కా జోగన్న గారి భార్య. ఏరు దాటి వచ్చేవాళ్ళకూ పోయేవాళ్ళకూ అది మజిలీ. పూటకూళ్ళ ఇల్లు లేదు. పడవ ఆలస్యమైతే, వరద వస్తే, జనం ఆకలితో గట్టున కూర్చునేవాళ్ళు. ఆమె గాడిపొయ్యి ఆరనిచ్చేది కాదు. కులం అడగలేదు, వేళ అడగలేదు. ఏడో ఎడ్వర్డు పట్టాభిషేకపు దర్బారుకు పిలుపు వచ్చినా, వెళితే ఇక్కడ ఆకలితో వచ్చేవాళ్ళకు ఎవరు వండుతారని వెళ్ళలేదంటారు.

ఆమె గురించి మా అమ్మమ్మ ఒక కథ చెప్పేది, ఈ సీమలో అందరికీ తెలిసిందే. ఎన్నాళ్ళ నుంచో సీతమ్మ గారికి అంతర్వేది స్వామిని చూడాలని కోరిక. ఒక ఏడాది వీలు చేసుకుని బయల్దేరారు. దారిలో విశ్రమించిన చోట, అటుగా వస్తున్న పెళ్ళివారి మాటలు వినపడ్డాయి. ఆకలని పిల్లలు ఏడుస్తుంటే పెద్దవాళ్ళు, "ఇంకాస్త ఓర్చుకోండమ్మా, సీతమ్మ గారి ఇల్లు వచ్చేస్తోంది" అంటున్నారు. అంతే. ఆమె వెనక్కి తిరిగి, వాళ్ళకంటే ముందు ఇల్లు చేరి, వండి వడ్డించారట. అంతర్వేది వెళ్ళలేదు.

గ్రీకుల్లో కూడా అతిథిని దేవుడు కాపాడతాడని నమ్మకం ఉండేది. వాళ్ళ పెద్దదేవుడు జ్యూస్‌కి అతిథుల రక్షకుడని పేరు. దీవుల వాళ్ళందరికీ ఇది తెలుస్తుందనుకుంటాను. నీళ్ళు దాటి వచ్చినవాడు వెంటనే తిరిగి పోలేడు. వాడికి అన్నం పెట్టకపోతే ఎక్కడికి పోతాడు? 2024లో మన రాష్ట్రంలో బడిపిల్లల మధ్యాహ్న భోజనానికి సీతమ్మ గారి పేరు పెట్టారు. ఆ పేరుకు అంతకంటే మంచి చోటు ఇంకోటి లేదు.

సంక్రాంతికి వచ్చేవాళ్ళు కనుమ నాడు అంబాజీపేట మండలంలో జగ్గన్నతోట చూడాలి. అక్కడ గుడి లేదు, గోపురం లేదు, కొబ్బరితోట. చుట్టుపక్కల పదకొండు ఊళ్ళ శివుళ్ళు, ఏకాదశరుద్రులు, ఆ రోజు అక్కడ కలుసుకుంటారు. ఒక్కో ఊరూ వెదురుతో, రంగురంగుల బట్టలతో, గంటలతో ప్రభ కడుతుంది. చక్రాలుండవు. మనుషుల భుజాల మీదే రావాలి. దారి ఉంటే దారిలో, లేకపోతే పచ్చటి వరిచేలో. చేను తొక్కారని రైతు కోప్పడడు, శివుడు నడిచాడని సంతోషిస్తాడు. గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం ప్రభలు కౌశిక కాలువ దాటాలి. గుండెల్లోతు నీళ్ళలో, ప్రభ ఒరగకుండా, "అశ్శరభ శరభ" అంటూ కుర్రాళ్ళు దాటిస్తుంటే గట్టు మీద జనానికి ఊపిరి ఆడదు. నాలుగు వందల ఏళ్ళ నాటి ఆచారమని పెద్దలంటారు. 2023లో గణతంత్ర దినాన ఢిల్లీ కర్తవ్యపథ్‌లో మన రాష్ట్రపు శకటం ఇదే. తీర్థం అయిపోయాక ప్రభ విప్పేస్తారు. మళ్ళీ ఏడాది మళ్ళీ కడతారు. మ్యూజియంలో పెట్టడానికి ఏమీ మిగలదు. కట్టడం వచ్చిన చేతులు మాత్రం ప్రతి ఇంట్లో ఉంటాయి.

కొత్తపేట వైపు వెళితే పలివెలలో కొప్పున్న శివుడు, ఉమాకొప్పులింగేశ్వరుడు. ర్యాలిలో ఒకే నల్లరాతిలో ముందు విష్ణువు, వెనక జగన్మోహిని. ర్యాలి ఉన్నది ఆత్రేయపురం మండలంలోనే. కాబట్టి ఆత్రేయపురంలో ఆగకుండా పోకండి. బోర్లించిన కుండ కింద ఎండాకులు మండుతుంటాయి. పలచటి బియ్యపుపిండిలో గుడ్డ ముంచి కుండ మీద లాగుతారు. కన్నుమూసి తెరిచేలోగా పొర లేస్తుంది. కాగితం కంటే పలచన. 2023లో పూతరేకులకు కూడా భౌగోళిక గుర్తింపు వచ్చింది. దీన్నొక చారిత్రక కట్టడం అంటే నవ్వుతారేమో. కట్టడమేనండి. కాకపోతే నోట్లో వేసుకుంటే కరిగిపోయే కట్టడం. అందుకే రోజూ కట్టాలి.

ఇవన్నీ చెప్పాక ఒక చేదునిజం కూడా చెప్పాలి. మట్టి దీవిలో ఉండటం సరదా కాదు. 1996 నవంబరు 6 రాత్రి వచ్చిన తుఫానులో వెయ్యిమందికి పైగా పోయారు. తెల్లారి చూస్తే తోటలకు తోటలు, చెట్లన్నీ ఒకే దిక్కుకు తలవాల్చి పడున్నాయి. 1986 ఆగస్టు వరద, 2022 జూలై వరద లంకల వాళ్ళు మర్చిపోలేరు. కాజ్‌వే మునిగితే నాటుపడవే గతి. పిల్లలు పడవలో బడికి పోతారు. కొబ్బరిచెట్టు పడితే మళ్ళీ మొక్క పెట్టాలి, ఆరేడేళ్ళు ఆగాలి. ఆగారు. మీరు ఈవేళ చూసే పచ్చదనం చాలావరకు అలా ఏడ్చి మళ్ళీ నాటినదే. మావాడు "కొబ్బరిచెట్లు తప్ప" అన్నాడు చూశారా, అందుకే చురుక్కుమంది నాకు. అవి వాడి తల్లీతండ్రీ నాటినవి.

రాదలుచుకున్నవాళ్ళకు నాలుగు మాటలు. కార్తీకం నుంచి మాఘం దాకా మంచి కాలం. జూలై, ఆగస్టుల్లో వరద సంగతి కనుక్కుని బయల్దేరండి. సంగమం దగ్గర ఈతకు దిగకండి. అక్కడ నీళ్ళు పైకి నిదానంగా ఉంటాయి, కింద లాగుతుంటాయి. లేసు కొంటే అల్లినామె దగ్గరే కొనండి. ఎవరింటి అరుగు మీద కూర్చున్నా "భోంచేశారా అండి?" అని అడుగుతారు. మర్యాదకు అడుగుతున్నారనుకుని మొహమాటపడకండి. ఆయ్, నిజంగానే అడుగుతారు.

డీలోస్ చూడొద్దని నేననడం లేదు. అవకాశం వస్తే తప్పకుండా చూడండి. మనిషి ఎంత గొప్పగా కట్టాడో అక్కడ తెలుస్తుంది. కట్టినవాళ్ళు పోతే ఎలా ఉంటుందో కూడా తెలుస్తుంది. తర్వాత ఇటు రండి. లేదా ముందు ఇటు వచ్చి తర్వాత అటు వెళ్ళండి. మా మేనల్లుడు వచ్చే మాఘమాసానికి సెలవు పెట్టుకున్నాడు. ఇన్నేళ్ళు వచ్చి ఒక్కసారీ అంతర్వేది రథం మోకు పట్టుకోలేదట. వాణ్ణి చించినాడ వంతెన మీదుగా రానివ్వను. నర్సాపురం స్టేషన్‌కి నేనే వెళ్ళి, మాధవాయిపాలెం రేవులో పంటు ఎక్కిస్తాను.

మీరూ రండి. పంటుకి చిల్లర దగ్గర పెట్టుకోండి.